సంతకం లేని తిరుగుబాటు

"ఆజ్ఞను ధిక్కరించడమే నేడు సైనికుడి పరమధర్మం!"

ఈ మహావాక్యాన్ని మా జనరల్ మోంత్రిగో గారు ఫ్రాన్సు ఏలుబడిలోని అల్జీర్స్‌లో, తమ ఆఫీసులో, కిటికీ వైపు గడ్డం ఎత్తి చెబుతుంటే నేను టైపు చేశాను. నాకు పెళ్లయి అది పదకొండో రోజు. టైపు మిషను మీద కూడా ముద్దొచ్చే రోజులు! కానీ తరువాతి వాక్యం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. పారిస్ ప్రభుత్వంపై తిరగబడి రేడియో కేంద్రాన్ని పట్టుకోవలసింది లెఫ్టినెంట్ గాస్పార్ అట. అంటే మా ఆయన! గెలిస్తే పదవి జనరల్‌గారికి. ఓడితే తుపాకీ గుండు మా ఆయనకు.

మా ఆయన వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"బయలుదేరవోయ్! ఇక పారిస్ మాట వినేది లేదు!"

"చిత్తం, జనరల్‌గారూ. ఆ ముక్కే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

"తిరుగుబాటుకు కాగితమేమిటయ్యా!"

"సార్జెంటు ఉత్తర్వు చూడందే లారీల్లో చుక్క పెట్రోలు పొయ్యడండీ. నిరుడు మంటలార్పడానికి వెళ్తేనే మూడు ప్రతులు అడిగాడు."

జనరల్‌గారు కలం మూత తీశారు. పారిస్ గుర్తొచ్చింది కాబోలు, మూత పెట్టేశారు. దేశం కోసం ప్రాణమైనా ఇస్తారు గాని సంతకం మాత్రం ఇవ్వరు!

"నీకు ధైర్యం లేదు!"

"మీ కలానికి ఉన్నంత ఉందండీ."

జనరల్‌గారి ముఖం కందగడ్డయింది.

"ఆజ్ఞ పాటించలేదు! ఎనిమిది రోజులు ఇల్లు కదలకూడదు! అమ్మాయీ, టైపు చెయ్యి!"

ఈ కాగితానికి మాత్రం మూడు ప్రతుల మీదా చకచకా సంతకాలు పడ్డాయి. ఆహా, ఏం శిక్ష! ఒకే కుర్చీలో ఇద్దరం, ఒడినిండా నారింజ తొక్కలు!

మిగతా కుట్రదారులు మూడో రోజుకే పట్టుబడ్డారు. జనరల్‌గారు తమ ప్రకటనను పొయ్యిలో వేయించారు. ఐదో రోజున పారిస్ నుంచి విచారణకు ఒక కల్నల్ దిగాడు. ఆయనకు దొరికింది ఆ శిక్ష కాగితం ఒక్కటే.

"లెఫ్టినెంట్ ఆజ్ఞ పాటించలేదని రాశారు. ఏ ఆజ్ఞ, జనరల్‌గారూ?"

వాంగ్మూలం టైపు చేస్తున్నదీ నేనే. జనరల్‌గారు గడ్డం ఎత్తారు.

"రేడియో కేంద్రాన్ని కాపాడమన్నాను! కుట్రదారుల బారినుంచి!"

"రాతపూర్వకంగా ఇచ్చారా?"

"దేశం తగలబడుతుంటే కాగితాలా, కల్నల్!"

కల్నల్ కళ్లు చెమర్చాయి. రిపబ్లిక్‌ను కాపాడబోయినందుకు జనరల్‌గారికి పతకం వచ్చింది. కాపాడనందుకు మా ఆయనకు ఇంట్లోనే మరో ఎనిమిది రోజులు! ఆ ఉత్తర్వునూ నేనే టైపు చేశాను. ఎనిమిది అంకెకు ముందు ఒకటి అంకె చేర్చాను.

పతకం సర్దుకుంటూ జనరల్‌గారు చదవకుండానే సంతకం పెట్టారు.