చారిత్రక పదకొండు సెకన్లు

ప్రసంగ పరిరక్షణ విభాగం ఆ వారం ఐదువందల అరవై ఏడు శాతం ఫలితాన్ని సాధించి, సంస్థలోని తక్కిన విభాగాలన్నిటికీ ఆదర్శంగా నిలిచింది.

ఈ ఘనత ఊరికే రాలేదు. దీని వెనక తొమ్మిది పరాజయాలున్నాయి. ఒక వీడియోను సభలో ఆడించడానికి వీలైన రూపంలోకి మార్చబోతే, తొమ్మిదిసార్లూ సరిగ్గా అరవై మూడు శాతం దగ్గర సాఫ్ట్‌వేరు తనంతట తాను మూసుకుపోయింది. వారాంతపు నివేదికలో ‘సాధించిన శాతం’ అనే గడి ఉంది గానీ ‘విఫలం’ అనే గడి లేదు. కాబట్టి సూపరింటెండెంటు గారు అరవై మూడును తొమ్మిదిసార్లు ఒకదాని కింద ఒకటి వేసి, గీత గీసి, కూడి పైకి పంపారు. లక్ష్యం వంద కాబట్టి పైనుంచి అభినందన పత్రం వచ్చింది. వీడియో మాత్రం రాలేదు.

ఆ వీడియో సామాన్యమైనది కాదు. సంస్థకు అధిపతి అయిన పెద్ద సారు కిందటి నెలలో సిబ్బందిని ఉద్దేశించి ‘క్లుప్తంగా మాట్లాడుట’ అనే అంశంపై అరవై ఎనిమిది నిమిషాలు చేసిన ప్రసంగమది. కెమెరా నుంచి దిగినప్పుడు అది ఏ యంత్రమూ మింగలేనంత పెద్ద ఫైలు. దాన్ని నొక్కి, కుదించి, హాల్లోని తెర మీద ఆడేలా చేయడాన్ని ఎన్‌కోడింగ్ అంటారు. సంస్థ భాషలో మాత్రం ‘పరిరక్షణ’ అంటారు.

తొమ్మిదిసార్లూ ఆ కంప్యూటరు ముందు కూర్చున్నది కొత్తమ్మాయి. ఆమెకు పేరుంది, రిజిస్టరులో రాసే ఉంది. అయితే పాతబడేదాకా మనిషిని పేరుతో పిలవడం ఆ సంస్థలో ఆనవాయితీ కాదు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. తల్లి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. కూతురు కుర్చీలో కూర్చుని చేసే పనిలో చేరిందని తెలిసిన రోజున, ఆ కుర్చీకి చేతులున్నాయా లేవా అని అడిగి తెలుసుకుని మరీ మురిసిపోయింది. చేతులున్న ఆ కుర్చీ శుక్రవారం దాకానే ఖాయం. ఆరు నెలల పరీక్షా కాలం ఆరోజుతో ముగుస్తుంది. ఆమె ఫైలు మీద సూపరింటెండెంటు గారు ఇలా రాసి పెట్టారు: ‘శుక్రవారం నాటి వార్షిక సభలో సదరు వీడియో ఆద్యంతము ప్రదర్శింపబడినచో ఉద్యోగము ఖాయపరచవచ్చును. కానిచో ఆమె సేవలకు ధన్యవాదములు తెలుపవచ్చును.’

సోమవారం పదో ప్రయత్నం కూడా అరవై మూడు దగ్గరే ఆగింది. తెర మీద ఎప్పటిలాగే ‘ఊహించని పొరపాటు జరిగింది’ అని ఒక్క వాక్యం కనిపించింది. దాన్ని కాగితం మీద రాసుకుని ఆమె సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు. “ఊహించని పొరపాటేమిటమ్మా? మన ఆఫీసులో ఊహించనివి జరగవు. ఎవరు ఊహించలేదో వాళ్ళ పేరు రాసుకురా.”

“సాఫ్ట్‌వేరే ఊహించలేదండి.”

“దాన్నెవరు చూసుకుంటున్నారు?”

“నేనేనండి.”

“అయితే నీ పేరే రాయి,” అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

సమస్య తీవ్రతను గుర్తించి, వెంటనే నిపుణుల సంఘం ఏర్పాటైంది. సంఘంలో చేరడానికి పదకొండు మంది స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఏసీ ఉన్న గది అదొక్కటే కావడం యాదృచ్ఛికం. అందరూ కుర్చీలు లాక్కుని తెర మీద నీలం గీత పాకడాన్ని చూస్తూ కూర్చున్నారు. అది ముప్పై దాటితే మెచ్చుకున్నారు, యాభై దాటితే ముందుకు వంగారు, అరవై మూడు దగ్గర ఆగగానే “అదిగో, నేను చెప్పలా!” అని పదకొండు గొంతులతో అన్నారు. అంతకుముందు ఎవరూ ఏమీ చెప్పి ఉండలేదు.

సంఘంలో ప్రముఖుడు రీస్టార్టు మాస్టారు. యంత్రాల మరమ్మతు ఆయన శాఖ. తెలిసిన వైద్యం ఒక్కటే కనక దాని మీద ఆయనకు అపారమైన పట్టు.

“ఆపి, ఇరవై లెక్కపెట్టి మళ్ళీ వెయ్యి తల్లీ.”

“వేశాను మాస్టారూ. నాలుగుసార్లు.”

“నువ్వు పంతొమ్మిదికే వేసుంటావు.”

గ్రంథాలయం ఆవిడ మాత్రం లోతుగా ఆలోచించింది. తెర మీద కొండల బొమ్మ ఉండడం వల్లే గీత ఎక్కలేక ఆగిపోతోందని తేల్చింది. కొండల్ని తీసేసి సముద్రం పెట్టారు. ఇరవై ఏడేళ్ళ సర్వీసు ఉన్నందువల్ల అనుభవం గారని పేరుపడ్డ పెద్దమనిషి, తమ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేరూ ఇలా మధ్యలో ఆగి ఎరగదని సభ్యులకు గుర్తుచేశారు. అది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో అక్కడ సాఫ్ట్‌వేరు లేదు.

సాయంత్రం తల్లి ఫోను చేసింది.

“ఏమే, పర్మనెంటు అయిందా?”

“ఎక్కడమ్మా. ఇంకా అరవై మూడు దగ్గరే ఉంది.”

“అరవై మూడంటే పాసే కదే! నువ్వు లెక్కల్లో అంతకన్నా తక్కువతో గట్టెక్కలా?”

“ఇక్కడ వంద రావాలమ్మా.”

“ఏం ఉద్యోగమే అది, వందకి వందా! పోనీ, బెంగపడకు. మరక పోకపోతే దుప్పటంతా బాదితే ఏం లాభం? మరక ఎక్కడుందో చూడాలి.”

కొత్తమ్మాయికి కాలేజీలో మాస్టారు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడు, ఏం జరిగిందో రాసిపెట్టు అనేవారు ఆయన. సంఘమేమో ఒకేసారి కొండల్నీ, కుర్చీల్నీ, ఏసీనీ మార్చేస్తోంది. అందుకని మంగళవారం పొద్దున్నే, సంఘం సమావేశం కాకముందే, ఆమె పనిలో దిగింది. ముందు పెద్ద సారు నిరుటి ప్రసంగాన్ని ఎన్‌కోడ్ చేసింది. అది గడగడా నూరు దాకా వెళ్ళిపోయింది. అంటే యంత్రం మంచిదే, సాఫ్ట్‌వేరూ మంచిదే. తర్వాత ఈ ఏటి ప్రసంగాన్ని పక్క గదిలోని కంప్యూటరులో పెట్టింది. అక్కడా అరవై మూడు దగ్గరే ఆగింది. అంటే జబ్బు ఫైల్లో ఉంది. ఫైలును పది నిమిషాల ముక్కలుగా చేసి ఒక్కో ముక్కనూ విడిగా మార్చింది. అయిదో ముక్క తప్ప అన్నీ నడిచాయి. ఆ అయిదో ముక్కను సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి కోసుకుంటూ పోగా పోగా మధ్యాహ్నానికి మరక దొరికింది. నలభై మూడో నిమిషం దగ్గర పదకొండు సెకన్లు. కెమెరా కార్డు పాతదై అక్కడ బొమ్మా మాటా రెండూ చెడిపోయాయి. సాఫ్ట్‌వేరు అక్కడిదాకా వచ్చి, చదవలేక, దణ్ణం పెట్టి వెళ్ళిపోతోంది.

“ఆ పదకొండు సెకన్లూ తీసేస్తే సాయంత్రానికల్లా వీడియో తయారండి,” అంది సూపరింటెండెంటు గారితో.

ఆయన తలుపు వేసి వచ్చారు. “తియ్యటమా? పెద్ద సారు ప్రసంగంలోంచా? అందులో ఒక్క ‘అంటే’ తియ్యటానికి కూడా నాకు అధికారం లేదు తల్లీ. ఆ పదకొండు సెకన్లలో ఆయన ఏమన్నారో?”

“అప్పుడు మీరు ముందు వరసలోనే ఉన్నారు కదండీ.”

“ఉన్నాను. తన్మయత్వంలో ఉన్నాను.”

“పోనీ ఆయన్నే అడిగితే?”

“అడిగామంటే మనం వినలేదని ఒప్పుకున్నట్టు కాదూ?”

ఈ వాదనలో ఆమెకు దోషం కనిపించలేదు. బుధవారం ఉదయం నిపుణుల సంఘాన్ని రద్దు చేసి, అదే కుర్చీల్లో, అదే ఏసీ కింద, అదే మనుషులతో పదకొండు సెకన్ల నిర్ధారణ సంఘాన్ని ఏర్పాటు చేశారు. సభకు హాజరైన మూడువందల మంది నుంచి రాతపూర్వకంగా వాంగ్మూలాలు సేకరించారు. ఆ పదకొండు సెకన్లు ఎవరికీ గుర్తులేవు గానీ, అవే మొత్తం ప్రసంగానికి ప్రాణమన్న విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. తనకు అక్కడ కళ్ళు చెమర్చాయని గ్రంథాలయం ఆవిడ రాసింది. అప్పటినుంచి తాను ఆఫీసుకు ఆలస్యంగా రావడం మానేశానని అనుభవం గారు రాశారు. ఆ వాంగ్మూలం ఆయన పదకొండున్నరకు వచ్చి ఇచ్చారు. రీస్టార్టు మాస్టారైతే ఆ మాటల్ని డైరీలో రాసుకున్నాననీ, ఆ డైరీ పోయిందనీ, దొరికినా అది చూపించదగినంత చిన్న విషయం కాదనీ తెలిపారు. సూపరింటెండెంటు గారు ఉద్వేగం ఆపుకోలేక వరండాలో తగిలించడానికి ఫ్రేము కట్టించారు. పైన ‘చారిత్రక పదకొండు సెకన్లు’ అని బంగారు అక్షరాలతో ఉంది. కింద తెల్లగా ఉంది.

గురువారం వచ్చేసింది. ఇంకొక్క రోజే మిగిలింది. కుర్చీ చేతుల మీద చేతులు పెట్టుకుని కూర్చున్న కొత్తమ్మాయికి, కెమెరా సరే, మైకు మాటేమిటన్న ఆలోచన తట్టింది. హాలు వెనక చీకటి గదిలో మైకు చూసుకునే మనిషి వైర్లు చుడుతున్నాడు. ప్రతి సభలోనూ మైకులో మాట్లాడేది తాను విడిగా రికార్డు చేసి ఉంచుతానని అతను చెప్పాడు. ఆరేళ్ళలో దాన్ని అడిగినవాళ్ళు లేరట. ఇద్దరూ నలభై మూడో నిమిషం వెతికి విన్నారు. పెద్ద సారు గొంతు స్పష్టంగా వినిపించింది.

“వెనకాల వాళ్ళకి వినపడుతోందా? ఇందాకట్నుంచీ అడుగుతున్నాను, మైకు పనిచేస్తోందా లేదా? ఎవరైనా చెప్పండి.”

ఆ వెంటనే హాలంతా చప్పట్లు.

కొత్తమ్మాయి అతని వంక చూసింది.

“స్పీకరు వైరు ఊడిపోయిందమ్మాయ్ ఆరోజు,” అన్నాడతను తాపీగా. “అరగంట పైనే. ముందు రెండు వరసలకి తప్ప ఎవరికీ ముక్క వినపళ్ళేదు.”

“మరి ఎవరూ చెప్పలేదా అన్నా?”

“చెప్పటమా? మధ్యమధ్యలో చప్పట్లు కొడుతూనే ఉన్నారు. బాగానే వినపడుతోంది కాబోలనుకున్నా.”

మైకు రికార్డులోని పెద్ద సారు మాటల్నే ఆయన ఫొటో మీద అతికించి వీడియో పూర్తిచేస్తానని ఆమె అడిగింది. సూపరింటెండెంటు గారు రికార్డింగు విని, మొహం తుడుచుకుని, వరండాలోని ఫ్రేము వైపు ఒకసారి చూసి వచ్చారు. మూడువందల వాంగ్మూలాలు ఫైల్లో ఉండగా సత్యానికి స్థానం లేదని మృదువుగా వివరించారు. నిబంధనల పుస్తకం తిరగేశారు. పెద్ద సారు మాటలు తీయరాదు, మార్చరాదు, చేర్చరాదు అని ఉంది. చప్పట్ల గురించి ఏమీ లేదు.

“చప్పట్లు పెట్టు,” అన్నారు.

ప్రసంగం చివర ఉన్న చప్పట్లలోంచి పదకొండు సెకన్లు తీసి ఆమె అక్కడ అమర్చింది. నీలం గీత అరవై మూడు దగ్గర ఏమాత్రం తడబడకుండా దాటుకుని వందకు చేరింది. ఆమె నికార్సైన మనిషి కాబట్టి ఫైల్లో ‘ఇచట మాటలు చెడిపోయినందున చప్పట్లు చేర్చడమైనది’ అని తన దస్తూరీతో రాసింది. సూపరింటెండెంటు గారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆయన సంతకానికి ముందు చదివిన దాఖలాలు లేవు.

శుక్రవారం సభ కిటకిటలాడింది. హాజరు తీసుకున్నారు. తెర మీద ప్రసంగం మొదలైంది, సభ్యులు సౌకర్యంగా సర్దుకున్నారు. నలభై మూడో నిమిషంలో తెర మీది జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అదే ఆ చారిత్రక ఘట్టమని వాంగ్మూలాలిచ్చిన వాళ్ళంతా పోల్చుకుని లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు లేచారు. హాలు మార్మోగిపోయింది.

వేదిక మీద పెద్ద సారుకు కళ్ళు చెమర్చాయి. వీడియో ఆపమని సైగ చేసి, మైకు అందుకున్నారు. “అంతలా మీ మనసుకు తాకిన ఆ మాట ఏమిటి? మీ నోటితో వినాలని ఉంది.”

మూడువందల మంది తమ పాదాలను పరిశీలించుకున్నారు. సూపరింటెండెంటు గారు లేచి, “మా కొత్తమ్మాయి చెబుతుంది సార్, ఆ వీడియో తనదే,” అని బాధ్యతను సగౌరవంగా అప్పగించారు.

కొత్తమ్మాయి లేచింది. కుర్చీ పోయినట్టే. ఎలాగూ పోయేదానికి అబద్ధం కూడా ఎందుకనుకుంది.

“అక్కడ మాటేమీ లేదండి. ఆ పదకొండు సెకన్లు చెడిపోయాయి. చప్పట్లు నేనే పెట్టాను.”

పెద్ద సారు ఆమెను తేరిపార చూశారు. తర్వాత మైకును చేత్తో మూసి, కాస్త ముందుకు వంగి అడిగారు.

“ఇలాంటివి ఇంకెన్ని చోట్ల పెట్టగలవమ్మా?”

ఆయన ఏమన్నారో హాల్లో వినపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

వీడియో ఆద్యంతము ఆడకపోయినా, సాయంత్రానికి పెద్ద సారు సంతకంతో ఉత్తర్వు చేతికొచ్చింది. ఉద్యోగం ఖాయం. ఆమె మెట్ల మీదే నిలబడి ఫోను చేసి, కార్డు చెడిపోవడం దగ్గర్నుంచి చప్పట్ల దాకా పూసగుచ్చినట్టు చెప్పింది. తల్లి అంతా వింది.

“నాకేం అర్థం కాలేదే,” అంది. “మళ్ళీ మొదట్నుంచి చెప్పు.”

ఈ మొత్తం వ్యవహారంలో అర్థం కాలేదని ఒప్పుకుని, మళ్ళీ చెప్పమని అడిగిన మనిషి ఆవిడ ఒక్కతే. కనుక సదరు సంస్థలో ఉద్యోగానికి ఆవిడ అర్హురాలు కాదని విచారంతో తెలియజేయడమైనది. పాఠకులు మాత్రం నిరభ్యంతరంగా దరఖాస్తు చేసుకోవచ్చు. గడిచిన ఏడాదిలో ఎన్ని సభల్లో చప్పట్లు కొట్టారో, ఏ మాటకు కొట్టారో రాయవలసిన రెండు గళ్ళు దరఖాస్తులో ఉన్నాయి. రెండోది ఖాళీగా వదిలిన వారికి ప్రాధాన్యం ఇవ్వబడును.