ప్రేమ కావలెను: వివరాలకు ఆటోనగర్‌లో సంప్రదించండి

పాట అన్నాక నలుగురికీ పనికిరావాలి. అలా పనికొచ్చే పాట మా బెజవాడలో ఇన్నాళ్లకు ఒక్కటి పుట్టింది!

మా పక్కింటి స్టెల్లా పాడిన "ఏ సందులో ఉన్నావు" గురించే చెబుతున్నాను. దాన్ని హిప్‌హాప్ సోల్ అంటారట. సగం దెబ్బలాడినట్టు, సగం ప్రార్థన చేసినట్టు ఉంటుంది. గొంతు గుణదల చర్చి క్వయర్‌లో పాడి పాడి తేరింది. వెనకాల దరువు ఆటోనగర్‌లో వాళ్ల నాన్న జాన్‌బాబు లారీ రిపేరు షెడ్డులో రికార్డు చేసుకొచ్చిన సుత్తి దెబ్బలు. నన్ను నన్నుగా ప్రేమించేవాడి కోసం వెతుకుతున్నానని నాలుగు నిమిషాలు పాడింది. నెల తిరక్కుండా యూట్యూబ్‌లో పది లక్షల మంది విన్నారు.

విన్నవాళ్లు ఊరుకుంటారా? పిల్ల పెళ్లికి సిద్ధంగా ఉందని అర్థం చేసుకున్నారు!

ఇంకేముంది, సంబంధాలు వచ్చిపడ్డాయి. గుడివాడ నుంచి ఒకటి, అవనిగడ్డ నుంచి మూడు. మ్యారేజ్ బ్యూరో వాళ్లయితే యూట్యూబ్ కామెంట్లలోనే అబ్బాయి ఎత్తు, జీతం, సొంతిల్లు రాసేశారు. లారీ కింద పడుకుని గేర్‌బాక్స్ దించుతున్న జాన్‌బాబు స్పానర్ కోసం చెయ్యి చాపితే, ఎవరో బయోడేటా అందించారు. వచ్చినవాళ్లకు కాఫీలు కలపలేక స్టెల్లా తల్లి తెరేసమ్మ పెద్ద ఫ్లాస్కు కొనుక్కుంది.

ఇది వరం కాదా? మీరే చెప్పండి! ఇంతకంటే మంచి పెళ్లి ప్రకటన ఏ పేపర్లో పడుతుంది?

స్టెల్లా మాత్రం, "అది పాట అంకుల్, ప్రకటన కాదు" అంటుంది. అమాయకురాలు! వచ్చే నెల హైదరాబాద్‌లో మొదటి స్టేజ్ షో ఉందట. దానికోసం రెండో పాట రాసుకుంటోంది. మొదటి పాటతోనే పని అయిపోతుంటే రెండోది దేనికండీ?

ఇక లాభం లేదని నేనే కలగజేసుకున్నాను. పామర్రు శౌరయ్య గారి అబ్బాయి పాల్ సంబంధం చూశాను. బ్యాంకు ఉద్యోగం, బుద్ధిమంతుడు. "మావోడు రోజుకి పదిసార్లు ఆ పాటే వింటాడండీ. ఫోన్ మోగినా అదే!" అని తండ్రి మురిసిపోయాడు. అడిగింది కూడా ఒక్కటే చిన్న కోరిక. పెళ్లయ్యాక అమ్మాయి పాడకూడదు. కోడలు స్టేజీ ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారు? సబబైన మాటే కదా!

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక జాన్‌బాబు ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. జాన్‌బాబు తల దించుకున్నాడు. తెరేసమ్మ కూతురి వైపు చూసింది. స్టెల్లా కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం వణకలేదు.

"సరే అంకుల్, పాడటం మానేస్తా. ఆ అబ్బాయిని కూడా నా పాట వినడం మానేయమనండి. ఫోన్‌లోంచి కూడా తీసేయమనండి. అప్పుడు ఇద్దరం సమానం."

ఎంత తేలికైన షరతు! పెళ్లి కుదిరిపోయినట్టే అనుకున్నాను. అక్కడే కూర్చుని, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, శౌరయ్య గారికి ఫోన్ చేసి చెప్పాను.

"అదెట్టా కుదురుద్దండీ?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని. "మావోడికి ఆ పాటంటే ప్రాణం!"