కోమాలో ఉన్నవాడికి సెలవెందుకు?

ఈ రోజు ఎలాగైనా సరే మాట్లాడి తీరాలని అన్నయ్య పొద్దున్నే పళ్లు తోముకుంటూ నిశ్చయించుకున్నాడు. మాట్లాడటానికి కూడా నిశ్చయం కావాలా అని మీరు నవ్వవచ్చు. ఎనిమిది నెలలుగా టీవీలో కోమాలో పడుకున్నవాడి బాధ మీకేం తెలుసు!

ఆయన సీరియల్ నటుడు. తొమ్మిదేళ్లుగా ఒకే సీరియల్లో ఇంటి పెద్దకొడుకు వేషం వేసీ వేసీ, సొంత భార్యకు తప్ప లోకానికంతటికీ అన్నయ్య అయిపోయాడు. ఎనిమిది నెలల కిందట దర్శకుడి దగ్గరికెళ్లి, "సార్, నాకు డైలాగులు మరీ తగ్గిపోతున్నాయి" అని నోరు జారాడు. మర్నాడే కథలో అన్నయ్య మేడమెట్ల మీది నుంచి పడ్డాడు. అప్పటి నుంచీ తలకు కట్టుతో మంచం మీదే. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆయన చెవిలో రహస్యాలు చెప్పుకుని, ఏడ్చి వెళతారు. ఆయన పని ఊపిరి పీల్చడం, అదీ ఛాతీ ఎక్కువ కదలకుండా.

ఇలా బతుకు మీద విరక్తి పుడుతున్న సమయంలో, అదే స్టూడియో పై అంతస్తులో కొత్త ఆటల షోకి యాంకర్ కావాలన్న కబురు వచ్చింది. యాంకర్ అంటే మైకు పట్టుకుని గంటసేపు ఆగకుండా మాట్లాడేవాడు. అన్నయ్యకు ప్రాణం లేచొచ్చింది. నిర్మాతగారి చుట్టూ వారం రోజులు తిరిగి, బతిమాలి, జాబితా చివర్లో తన పేరు రాయించుకున్నాడు. ఎంపిక ఈ రోజు పదకొండు గంటలకు, నిజమైన ప్రేక్షకుల ముందు. చిక్కల్లా ఒక్కటే. సరిగ్గా పదకొండు గంటలకు కింది అంతస్తులో ఆయన కోమాలో ఉండాలి.

"ఒక్క గంట సెలవివ్వండి సార్," అని ముందురోజే అడిగాడు.

దర్శకుడు ఎగాదిగా చూశాడు. "కోమాలో ఉన్నవాడికి సెలవెందుకయ్యా? నువ్వున్నదే సెలవులో!"

ఇక దిక్కు బావమరిదే. అతగాడు రెండు రోజులుండి వెళతానని వచ్చి, ఏడాదిగా హాల్లోని సోఫాలో స్థిరపడ్డాడు. రోజుకు మూడు మాటలు మాట్లాడితే గొప్ప. నిద్రలో మాత్రం అతన్ని మించినవాడు లేడు.

"ఒరేయ్, లేవరా. నీకు పని దొరికింది."

"ఏం పని బావా?" కళ్లు తెరవకుండానే అడిగాడు.

"పడుకోవడం."

బావమరిది కళ్లు తెరిచాడు. తన అర్హతను ఇన్నాళ్లకు ఒకరు గుర్తించారన్న సంతోషంతో సోఫాలో లేచి కూర్చున్నాడు.

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "ఏవండీ, వాడు గురక పెడతాడు. ముందే చెబుతున్నా, తర్వాత నన్ననకండి."

"గంటేగా! ఈ రోజు తాడో పేడో తేలిపోవాలి. మన పిల్లని బళ్లో ఏమడుగుతున్నారో తెలుసా? మీ నాన్నకి అసలు మాటలొచ్చా అని!"

ఆ మాట విని భార్య తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చింది.

మేకప్‌మాన్ అన్నయ్యకు పాత స్నేహితుడు. స్టూడియోలో బావమరిది తల కట్టును నుదుటి నుంచి గడ్డం దాకా దించి, ముక్కు దగ్గర కాస్త సందు వదిలాడు. రెండో చుట్టు పూర్తయ్యేలోపే బావమరిది నిద్రపోయాడు. అన్నయ్య కోటు తగిలించుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు.

ఆయన అటు వెళ్లాడో లేదో, ఇటు దర్శకుడు వచ్చాడు. "ముఖం మీద ఈ కట్టేంటి?"

మేకప్‌మాన్ నీళ్లు నమిలాడు. "ఇన్‌ఫెక్షన్ పాకింది సార్."

"ఎవరికి? మనిషికా, పాత్రకా?"

"పా... పాత్రకే సార్."

దర్శకుడు మంచం చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎనిమిది నెలలుగా ఆయన కథ కూడా కోమాలోనే ఉంది. "భలే! కట్టు ఇవాళే విప్పించేద్దాం. భార్య విప్పుతుంది, మొగుడి ముఖం చూస్తుంది, భోరుమంటుంది. లైట్లు పెట్టండి!"

మేకప్‌మాన్ చాటుకెళ్లి అన్నయ్యకు ఫోన్ చేశాడు. ఫోన్ దిండు కింద మోగింది.

పై అంతస్తులో యాభైమంది ఆడవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. అన్నయ్య మైకు అందుకుని, ఎనిమిది నెలల ఊపిరంతా కూడదీసుకుని, "నమస్కారం!" అన్నాడు.

"అమ్మో, అన్నయ్య లేచాడే!" అని ఒకావిడ కేక పెట్టింది.

అంతే. హాలంతా గోల. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. "మిమ్మల్ని మెట్ల మీంచి తోసింది మరదలే కదా?" "మీ తమ్ముడు ఇల్లు తన పేరున రాయించేసుకున్నాడు, తెలుసా?" "మందులు మార్చేస్తోంది అన్నయ్యా, ఆ నర్సుని నమ్మకండి!"

"అమ్మా, ఇది వేరే షో. ఇక్కడ ఆటలు..."

ఎవరు వింటారు? అయినా అన్నయ్య పట్టు వదలలేదు. గొంతు చించుకుని మొదటి ప్రశ్న అడిగాడు. జవాబు రాలేదు. రెండోదీ అడిగాడు. మూడోదీ అడిగాడు. నాలుగో ప్రశ్న సగంలో ఉండగా ఒక ముసలావిడ వేదికెక్కి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాయనా, మా ఇంట్లో అందరూ ఉన్నారు గానీ నా మాట వినేవాళ్లే లేరు. నువ్వు మంచాన పడ్డాక రోజూ టీవీ ముందు కూర్చుని అన్నీ నీతో చెప్పుకునేదాన్ని. కళ్లు మూసుకుని ఎంత బాగా వినేవాడివయ్యా!"

అన్నయ్య ఎనిమిది నెలలుగా తాను ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నాననే అనుకున్నాడు. మైకు దించేశాడు. ఆవిడ మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి, మాట్లాడటం మానేసిన చెల్లెలి దాకా చెప్పుకుపోయింది. ఆయన తల ఊపుతూ విన్నాడు. ఆవిడ దిగేసరికి వెనక ఇంకొకావిడ నిలబడి ఉంది. ఆవిడ వెనక పొడుగాటి వరస. ఒక మూల నిర్మాతగారు కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చూస్తోంది.

వరసలో ఉన్న ఆడవాళ్లు ఊరికే ఉంటారా? అన్నయ్య లేచాడని ఇళ్లకు ఫోన్లు చేశారు. ఇళ్లవాళ్లు ఛానెల్‌కు చేశారు. ఛానెల్ పెద్దాయన దర్శకుడికి చేశాడు.

"నాతో ఒక్క మాట చెప్పకుండా అన్నయ్యని కోమాలోంచి లేపుతావా?"

"అబ్బే, లేదు సార్! నా కళ్లముందే పడుకుని ఉన్నాడు. గురక కూడా..."

అని ఆగిపోయాడు దర్శకుడు. కోమాలో గురకేమిటి? కానీ అప్పటికే కెమెరా నడుస్తోంది. సీరియల్లో అన్నయ్యకు భార్యగా వేసే నటి చివరి చుట్టు విప్పేసింది. బావమరిది కళ్లు తెరిచి, తనమీదికి వంగి ఉన్న ముఖాన్ని చూసి హడలిపోయి, "మా అక్కేది?" అన్నాడు.

"ఎవర్రా నువ్వు?" అంటూ ఆవిడ పెట్టిన కేకకు లైట్లు పట్టుకున్న మనిషి స్టూలు మీది నుంచి జారాడు.

"సార్, మంచంలో ఎవడో వేరేవాడు!" అని సహాయకులు పరుగెత్తుకొచ్చారు.

దర్శకుడి ముఖం వెలిగిపోయింది. "అవునయ్యా, వేరేవాడే! ఎనిమిది నెలలుగా వేరేవాడే! షాట్ ఓకే!"

అన్నయ్య కిందికి వచ్చేసరికి బావమరిది కుర్చీలో కూర్చుని నాలుగు పేజీల డైలాగులు బట్టీ పడుతున్నాడు. "సారీ బావా. నేను పడుకుంటాననే అన్నా. వీళ్లే లేవమన్నారు."

"నువ్విప్పుడు తప్పిపోయావు," అన్నాడు దర్శకుడు అన్నయ్యతో. "ఎక్కడున్నావో రెండు వందల ఎపిసోడ్లయ్యాక ఆలోచిస్తా."

అన్నయ్యకు తొమ్మిదేళ్ల వేషం పోయింది. పైన అడిగినవి మూడున్నర ప్రశ్నలు. అంతలో నిర్మాతగారు గబగబా మెట్లు దిగివచ్చింది.

"మీకోసమే వెతుకుతున్నానండీ. ఆటలు రద్దు. మీ పేరుతోనే షో. 'అన్నయ్యతో చెప్పుకోండి!' ఎలా ఉంది?"

"అద్భుతం మేడమ్! ఏం మాట్లాడాలో చెప్పండి."

"ఏమీ వద్దు. మంచం వేయిస్తాం. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. జనమే వచ్చి చెప్పుకుంటారు."

అన్నయ్య ఒప్పుకోలేదు. నిర్మాతగారి గదిలో కుర్చీ లాక్కుని మూడు గంటలు కూర్చున్నాడు. పడుకుంటాను, వింటాను, కానీ షోలో పలకడానికి ఒక్క మాటైనా ఇవ్వందే ఈ గడప దాటను అన్నాడు. చివరికి ఆవిడ విసిగిపోయి ఒక వాక్యం రాసిచ్చింది: "చిన్న విరామం తర్వాత మళ్లీ కలుద్దాం." అయిదు మాటలు! కూతురు బళ్లో అందరికీ చాటింపు వేసింది. అన్నయ్య వారం రోజులు అద్దం ముందు, స్నానాల గదిలో, మెట్ల మీద, మెల్లగా, గట్టిగా, ఉరుములా సాధన చేశాడు. షూటింగ్ నాటికి గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది.

"కంగారుపడకండి, డబ్బింగ్‌లో చూసుకుందాం," అంది నిర్మాతగారు.

షో వచ్చిన సాయంత్రం కూతురి స్నేహితులంతా హాల్లో చేరారు. టీవీలో ముసలావిడ చెప్పుకుంటోంది. కళ్లు మూసుకున్న అన్నయ్య చెంప మీదికి ఒక కన్నీటి చుక్క దిగింది. అది నిజమైనదేనని భార్యకు తెలుసు. ఆవిడా కళ్లు తుడుచుకుంది. అంతలో అన్నయ్య పెదవులు కదిలాయి, కంచు గంటలాంటి గొంతు మోగింది: "చిన్న విరామం తర్వాత మళ్లీ కలుద్దాం!"

పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. "నాన్నా, టీవీలో నీ గొంతు ఎంత బాగుందో!" అని కూతురు మెడ కావలించుకుంది.

"థాంక్స్ అమ్మలూ," అన్నాడు సోఫాలోంచి బావమరిది, కళ్లు తెరవకుండానే.