మూర్ఛపోని అధికారి

ఒక పెద్ద అడవిలో బొగ్గు గని ఉండేది. ఎంత పెద్ద అడవి అని మాత్రం అడక్కండి. నేను దగ్గరగా చూసిన అడవల్లా మా పెరట్లో పెరిగిన కలుపు ఒక్కటే.

ఆ అడవిలో చలికాలం గడవాలంటే బొగ్గే ఆధారం. తవ్వేవి పందికొక్కులు, చలి కాచుకునేవి మిగతా జంతువులు. మంటకు అందరికన్నా దగ్గరగా కూర్చునేది అడవి సభ అధ్యక్షుడు ఎలుగుబంటి. ఒంటినిండా బొచ్చు ఉన్నవాడికే చలి ఎక్కువ కదా.

గనికి నిబంధనలు చాలానే ఉండేవి. ఒక్కటీ ముందుచూపుతో పుట్టింది కాదు. కప్పు కూలి కొందరు పోయాక గుంజలు నిలబెట్టాలన్నారు. వరద ముంచెత్తాక కాలవ తవ్వాలన్నారు. ప్రతి నిబంధన వెనకా ఒక సంతాప సభ ఉంది.

అలాగే ఒకసారి విషగాలి కమ్మి ఓ జట్టు మొత్తం లోపలే ఉండిపోయింది. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. అప్పుడు సభ కూర్చుని, ఒక జీనువాయి పిట్టను పంజరంలో పెట్టి వెంట తీసుకెళ్లాలని తీర్మానించింది. చిన్న ప్రాణం కాబట్టి పిట్ట ముందుగా మూర్ఛపోతుంది. అది పడిపోగానే పారలు వదిలేసి అందరూ బయటికి పరుగు. బయట మంచిగాలి తగలగానే పిట్ట లేచి కూర్చుని, "అందరూ వచ్చిన్రా?" అని అడిగేది.

పంజరం మోసేది ముత్తవ్వ అనే పందికొక్కు. ఆమె బిడ్డలంతా అడుగు సొరంగంలోనే తవ్వేవారు.

"తమ్మీ, మంచిగున్నవా?" అని మాటిమాటికీ పంజరం వైపు చూసేది.

"ఉన్ననక్కా, నువ్వు తవ్వు" అనేవాడు జీనువాయి.

గని మేనేజరు నక్కకు ఈ ఏర్పాటు గిట్టలేదు. పిట్ట పడ్డప్పుడల్లా పని ఆగుతోంది. పని ఆగితే ఎలుగుబంటి మంట చిన్నదవుతోంది. మంట చిన్నదైతే ఆయన గొంతు పెద్దదవుతోంది.

నక్క బాగా ఆలోచించింది. పిట్టను తీసేస్తే పందికొక్కులు ఊరుకోవు. అందుకని తియ్యలేదు. ప్రమోషన్ ఇచ్చింది.

"ఇన్నాళ్లూ ఇంత ప్రతిభను పంజరంలో పెట్టాం. సిగ్గుచేటు!" అంది సభలో. "ఇవాళ్టి నుంచి జీనువాయి గారు ప్రధాన భద్రతాధికారి. గని బయట, గాలి వచ్చే కొమ్మ మీద ఆయనకు ఆఫీసు."

పిట్ట మెడలో దండ వేశారు. దండ బరువుకి ముందుకు తూలితే నమస్కారం పెట్టాడనుకుని చప్పట్లు కొట్టారు.

"మరి లోపలికి ఎవరొస్తరు సారూ?" అడిగింది ముత్తవ్వ.

"నిబంధన చూడమ్మా. పంజరం తీసుకెళ్లాలని ఉంది. తీసుకెళ్లు."

"ఖాళీ పంజరమా?"

"పిట్ట ఉండాలని ఎక్కడ రాశారు?"

నిజమే, ఎక్కడా రాయలేదు. రాసినవాళ్లకు అంత తెలివైన నక్క పుడుతుందని తెలియలేదు.

ఆనాటి నుంచి ఖాళీ పంజరం లోపల వేలాడింది. అది ఎప్పుడూ మూర్ఛపోలేదు. గని సురక్షితమని నక్క పైకి కబురు పంపింది. బొగ్గు కుప్పలు పెరిగాయి.

కొన్నాళ్లకు అడుగు సొరంగంలో తలనొప్పులు మొదలయ్యాయి. ముత్తవ్వ చిన్నకూతురు వాంతులు చేసుకుంది. ముత్తవ్వ కొమ్మ కిందికి ఉరికింది.

"తమ్మీ..."

పక్కనున్న గుమాస్తా ఉడుత దగ్గింది.

"సారూ," దిద్దుకుంది ముత్తవ్వ. "లోపట గాలి మంచిగలేదు. నా బిడ్డ కండ్లు తేలేస్తున్నది. ఒక్కపాలి వచ్చి చూడుండ్రి."

జీనువాయి ఛాతీనిండా గాలి పీల్చాడు. రెక్కలు దులుపుకున్నాడు. "నాకైతే బాగానే ఉందే!"

"మీరు చెట్టుమీదున్నరు సారూ!"

"అధికారికి బాగుంటే గనికి బాగున్నట్టే" అన్నాడాయన. ఆఫీసు గాలి అలాంటిది.

ఇంతలో ఎలుగుబంటి నుంచి ఆజ్ఞ వచ్చింది. ఇంత కాలం ఒక్క మూర్ఛా లేకుండా గని నడిపినందుకు మేనేజరుకు సన్మానం చేస్తారట. అదీ అడుగు సొరంగంలోనే చేస్తారట.

"బయటే పెట్టుకుందాం ప్రభూ, లోపల ఇరుకు" అంది నక్క.

"ఎందుకయ్యా? సురక్షితం అని నువ్వేగా చెప్పావు!"

నక్కకు దిగక తప్పలేదు. వెనకాల ఎలుగుబంటి, భద్రతాధికారి, దండలు. ఒక మూల ముత్తవ్వ జట్టు.

నక్క మాట్లాడటానికి లేచింది. "ఈ గనిలో ప్రమాదం అన్నమాటే..."

జీనువాయి ధబ్బున కింద పడ్డాడు.

పందికొక్కులకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చూసింది చూసినట్టే పారలు పడ్డాయి. ముత్తవ్వ పిట్టను ఒక చేత్తో, కూతుర్ని ఇంకో చేత్తో పట్టుకుని ఉరికింది.

పెద్దలు మాత్రం కదల్లేదు. "పాపం, ఆనందం తట్టుకోలేకపోయాడు" అంది ఎలుగుబంటి, చప్పట్లు కొడుతూ. నక్కకు విషయం తెలుసు. కానీ పరిగెడితే తన మాట తనే కాదన్నట్టవుతుంది. ఆ లెక్కలు తేలేలోపు ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగిపోయారు.

ముత్తవ్వ బయట బిడ్డలందర్నీ తడిమి చూసుకుని, "లోపటున్నోళ్లు గూడ పానమున్నోళ్లే" అని, తాళ్లు పట్టించి ఇద్దర్నీ బయటికి ఈడ్పించింది. ఎలుగుబంటి బరువుకి రెండు తాళ్లు తెగాయి.

తెలివొచ్చాక ఎలుగుబంటి విచారణ జరిపింది. తీర్పు ఇది: భద్రతాధికారి విధి నిర్వహణలో నిద్రపోయాడు. ఇది క్షమించరాని నేరం. కాబట్టి పదవి పీకి, పంజరంలో వేసి, గని అడుగుకు పంపాలి.

ఖాళీ అయిన కొమ్మ నక్కకు ఇచ్చారు. అనుభవం ఉందని.

జీనువాయి పంజరంలో తలవంచుకుని కూర్చున్నాడు. ముత్తవ్వ పంజరం ఎత్తుకుంది.

"తమ్మీ, మంచిగున్నవా?"

పిట్ట తలెత్తింది. "ఉన్ననక్కా. బిడ్డ ఎట్లున్నది?"

"తవ్వుతున్నది."

ఇప్పుడు గనిలో అందరూ క్షేమం. పని మరీ ఎక్కువై పందికొక్కులు అలిసిపోయిన రోజున, గాలి బాగున్నా పిట్ట పడిపోతోందని నక్కకు ఒక అనుమానం. కొమ్మ దిగి చూడటానికి మాత్రం అది సాహసించడం లేదు.

నీతి: క్షేమంగా ఉండాలంటే భద్రతాధికారిని శిక్షించండి. సన్మానించారో, అందరం పోతాం.