మూడు నొక్కుల ప్రమాణం

లోకంలో ప్రతి మంచి పనికీ ఒక కొలత ఉండాలి. కొలత అంటూ ఏర్పడ్డాక ఆ పని జరిగినా జరగకపోయినా పెద్ద తేడా ఉండదు. ఈ సత్యాన్ని ఆ కాలేజీ అందరికన్నా ముందు గ్రహించింది. గ్రహించి, తన వెబ్ పేజీలు ఎలా ఉండాలో తేల్చడానికి పదకొండు మందితో ప్రమాణాల సంఘం వేసింది. సంఘం పదిహేడు నెలలు కూర్చుంది. (నిలబడిందీ లేదు, నడిచిందీ లేదు. కూర్చోవడానికని వేసిన సంఘం.) లేచేసరికి ఇరవై రెండు నిబంధనలు పుట్టాయి. తల్లీ పిల్లలూ క్షేమం.

అంతకుముందు ఆ కాలేజీలో ఎవరికి ఏం తెలియాలన్నా గంటమ్మను అడిగేవారు. ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. వరండా చివర వేలాడే రైలు పట్టా ముక్కను ఇనపకడ్డీతో కొట్టడం ఆమె ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారి, అదీ కొడుకు పుట్టిన రోజున, అర నిమిషం ఆలస్యంగా కొట్టింది. ఆ అర నిమిషం ఇప్పటికీ ఆమెను బాధపెడుతుంది. గంటకీ గంటకీ మధ్య ఖాళీలో వచ్చేపోయేవాళ్లకు జవాబులు చెప్పేది.

"గంటమ్మా, లెక్కల పరీక్ష ఎప్పుడు?"

"సోమవారం, రెండో గంటకి. పెన్ను తెచ్చుకో. కిందటిసారి నాది పట్టుకుపోయావు, ఇంతవరకూ మొహం చూపించలేదు."

అంతే. దానికి కరెంటు అక్కర్లేదు.

మొదటి నిబంధన ఆ పద్ధతిని రద్దు చేసింది. కాలేజీకి చెందిన ఏ సమాచారమైనా పేజీలోనే ఉండాలి, నోటిమాటగా చెప్పడం ప్రమాణవిరుద్ధం. నోటీసు బోర్డుకు ఆకుపచ్చ గుడ్డ కప్పేసి, గుడ్డ మీద పేజీ చిరునామా దారంతో కుట్టించారు. ఆ కుట్టుపని చేసింది గంటమ్మ కోడలే. అక్షరం అక్షరం ఒక్క కొలతలో, ముచ్చటగా కుట్టింది.

ఆ కోడలి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పెళ్లికి ముందు చదువు మధ్యలో మానేసి వచ్చిన పిల్ల. మిషను తొక్కుతూ కూడా పక్కన పుస్తకం తెరిచిపెట్టుకుంటుంది. ఒకసారి అలా చదువుతూ ఎవరిదో చొక్కాకు మూడు చేతులు కుట్టింది. అప్పుడు గంటమ్మ అంది:

"ఇలా చొక్కాల మీద చదివే బదులు కాలేజీలో చేరి చదవవే."

"ఈ వయసులోనా అత్తయ్యా? నవ్వుతారు."

"నవ్వేవాళ్లని నాకు చూపించు. వాళ్ల పిరియడు అయిపోయినా గంట కొట్టను."

ఆ కాలేజీలో ముప్పై ఏళ్లు నిండితే చేర్చుకోరు. కోడలికి ముప్పై నిండడానికి నాలుగు నెలలుంది. అంటే ఇదే ఆఖరి ఏడు. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, పిల్లలు ముట్టకుండా బీరువా మీద ఉంచారు. ఇక కావలసింది దరఖాస్తు ఫారం, దానికి ఆఖరు తేదీ. కాలేజీలో అందరి తేదీలూ చెప్పిన మనిషికి తనింటి తేదీ ఒక లెక్కా?

గంటమ్మ ప్రవేశాల కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడి గుమాస్తా ఆమెను పిన్నీ అని పిలుస్తాడు.

"అబ్బాయ్, దరఖాస్తులకి ఆఖరు తేదీ ఎప్పుడు?"

"అది పేజీలో ఉంటుంది పిన్నీ. ఫారం కూడా అందులోనే."

"పేజీ ఎక్కడుంది?"

"ఇంకా రాలేదు. పరీక్షలో ఉంది. ప్రమాణానికి తూగితే బయటికి వదులుతారు."

"నీకు తెలియదూ?"

గుమాస్తా అటూ ఇటూ చూశాడు. "తెలిస్తే నీకు చెప్పకుండా ఉండగలనా? అందుకే తెలియకుండా జాగ్రత్తపడుతున్నాను. తేదీ వేసిన కాగితం కవరులో పెట్టి సంఘానికి పంపేటప్పుడు కళ్లు మూసుకుని జిగురు పెట్టాను. వేలు అంటుకుపోయింది కూడాను."

వేలు చూపించాడు. పాపం, నిజమే.

ఇంతలో సంఘానికి తొమ్మిదో నిబంధనతో చిక్కొచ్చింది. సామాన్యులు తమకు కావలసింది మూడు నొక్కుల్లో కనుక్కోగలిగితేనే పేజీ తూగినట్టు అని అందులో ఉంది. మరి సామాన్యులెవరు? మీలో సామాన్యులు చేతులెత్తండని కాలేజీ అంతటికీ కాగితం తిప్పారు. తోటమాలి దగ్గర్నుంచి వైస్ ప్రిన్సిపాలు దాకా ఎవరూ ఎత్తలేదు. గంటమ్మ కాగితం చదవకుండా సంతకం పెట్టింది. అలా ఆమె కాలేజీకి అధికార సామాన్యురాలైంది.

సంఘానికి కన్వీనరు ప్రయోగశాల పెద్దాయన. కొలతల మాస్టారంటారు. జేబులో ఎప్పుడూ స్కేలు ఉంటుంది. మామిడిపండు తెచ్చి ఇచ్చినా ముందు కొలుస్తాడు. గంటమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

"నీకు ఏం కావాలో అది వెతుక్కో గంటమ్మా."

"మా కోడలికి దరఖాస్తు మాస్టారూ. ఆఖరు తేదీ ఎప్పుడో."

"బ్రహ్మాండం. సహజమైన అవసరం," అని పుస్తకంలో రాసుకున్నాడు. సహజ అవసరం, ఒకటి.

తెర నిండా ప్రిన్సిపాలు ఫొటో వచ్చింది. గంటమ్మ దాన్ని నొక్కింది. ఇంకా పెద్ద ఫొటో వచ్చింది. మళ్లీ నొక్కితే ఆయన మొక్క నాటుతున్నాడు. మూడోసారి నొక్కితే ఆ మొక్క చుట్టూ కుర్చీల్లో కూర్చుని పదకొండు మంది చప్పట్లు కొడుతున్నారు.

"దొరికిందా?"

"మొక్క దొరికింది మాస్టారూ. తేదీ దొరకలేదు."

సంఘం రెండు వారాలు చర్చించింది. ఫొటో తీయడం కుదరదు, నాలుగో నిబంధన ప్రకారం సంస్థాధిపతి ముఖం ముందుండాలి. అందుకని ఫొటో చిన్నది చేసి, మిగతా చోటంతా కాలేజీ అధికార రంగుతో నింపారు. అక్షరాలు కూడా అధికార రంగులోనే ఉండాలని ఆరో నిబంధన. రెండోసారి గంటమ్మ వచ్చి చూస్తే తెర నిండా ఒకటే వంకాయరంగు, మూలన ప్రిన్సిపాలు.

"ఇక్కడ ఏమైనా రాసుందా మాస్టారూ?"

"అంతా ఉంది. వివరంగా ఉంది. కనబడదు, అంతే."

గంటమ్మ మూడుసార్లు నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"చూడు గంటమ్మా. దొరికిందని ఒక్క మాట అను. పేజీ లోకంలోకి వెళ్లిపోతుంది. నీకూ హాయి, మాకూ హాయి."

ఆమెకు బీరువా మీది కవరు గుర్తొచ్చింది. ఒక్క మాటేగా అనిపించింది కూడా. కానీ ఈ వంకాయరంగు బయటికి పోతే ఇంకెందరి కోడళ్లో, కొడుకులో దీని ముందు కూర్చుని కళ్లు చిట్లించుకోవాలి. కొట్టని గంటను కొట్టానని ఆమె ఏనాడూ చెప్పలేదు.

"దొరకలేదు మాస్టారూ."

మరో రెండు వారాలు. ఈసారి సంఘం రంగులు మార్చి, భద్రత కోసం గుమ్మంలోనే ఒక ప్రశ్న పెట్టింది. మీరు యంత్రం కాదని నిరూపించుకోండి, కింది బొమ్మల్లో గంటలున్నవి నొక్కండి. తొమ్మిది బొమ్మలు. గంటమ్మ ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు తెలిసిన విషయం అడిగారు.

బోర్లించిన గిన్నెలా ఉన్న నాలుగు బొమ్మల్ని ఆమె దాటేసింది. "ఇవి అలంకారానికి మాస్టారూ. వీటిని కొడితే వరండా చివరిదాకా వినబడదు." రైలు పట్టాల బొమ్మ నొక్కింది. "ఇదుగో, గంటంటే ఇది. ఇక్కడ కోస్తే రెండు కాలేజీలకి సరిపోతుంది."

ఆమె యంత్రమని పేజీ తేల్చింది.

మర్నాడు మెమో వచ్చింది. "తమరు మనిషి కారని ప్రమాణబద్ధమైన పరీక్షలో రుజువైనది. తమరిని సామాన్ల జాబితాలో ఎందుకు చేర్చకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." ఇంటికి తీసుకెళ్తే కోడలు చదివి వినిపించి, కలం తీసింది.

"ఏం రాయమంటారు అత్తయ్యా?"

"నేను మనిషినని రాయి. సాక్ష్యం అడిగితే నా మోకాళ్లని అడగమను."

"మోకాళ్లు నాన్‌స్టాండర్డ్ అంటారేమో."

"అవి ఎప్పుడో అయిపోయాయిలే, రాయి."

ఆ సంజాయిషీ అందింది గానీ, మనిషినని ధ్రువీకరించే ఫారం జతచేయలేదని వెనక్కి వచ్చింది. ఫారం పేజీలో ఉంది. పేజీలోకి వెళ్లాలంటే మనిషినని నిరూపించుకోవాలి. ఈలోగా సామాన్ల విభాగం ఆమెకు ఒక నంబరు కేటాయించి, దుమ్ము దులపడానికి మనిషి కావాలని ఫైలు పెట్టింది. కాలేజీలో దుమ్ము దులిపేది కూడా ఆమే కాబట్టి ఫైలు అక్కడ ఆగింది.

చివరికి సంఘమే పెద్దమనసు చేసుకుని బొమ్మలు తీసేసి, ప్రిన్సిపాలు ఫొటో పెట్టి, ఒకే ప్రశ్న అడిగింది. వీరు నవ్వడం మీరెప్పుడైనా చూశారా? గంటమ్మ లేదని నొక్కింది. మనిషేనని పేజీ ఒప్పుకుంది.

ఇక నాలుగో పరీక్ష. మాస్టారు స్కేలుతో అక్షరాల ఎత్తు కొలిచి, కుర్చీ దూరం కొలిచి, ఆమెను కూర్చోమన్నాడు. వెనక మిగతా పదిమంది సభ్యులూ నిలబడ్డారు. (ఇది సంఘం చరిత్రలో తొలిసారి నిలబడడం.) గంటమ్మ చీరకొంగుతో వేలు తుడుచుకుంది.

మొదటి నొక్కుకు ప్రిన్సిపాలు పక్కకు తప్పుకున్నాడు. రెండో నొక్కుకు ప్రవేశాల గది తెరుచుకుంది. మూడో నొక్కుకు తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి బొటనవేలి గోరంత పెద్దవి, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా, చక్కగా పరుచుకున్నాయి.

దరఖాస్తులకు ఆఖరు తేదీ పది. గడువు ముగిసినది.

"దొరికిందా గంటమ్మా?"

"మాస్టారూ, ఇవాళ పన్నెండు."

"అది ప్రశ్నలో లేదు. ఆఖరు తేదీ దొరికిందా, దొరకలేదా? రెండిట్లో ఒకటే రాసుకోవాలి."

"మీరు బయటికి వదలకముందే ఎలా అయిపోయింది?"

"తేదీ ప్రవేశాల విభాగం వేస్తుంది. మాది పేజీ వరకే," అని మాస్టారు మర్యాదగా చెప్పాడు. "పేజీలో ఏమైనా తప్పుందా? ఉంటే చెప్పు, మళ్లీ చర్చిస్తాం."

గంటమ్మ తెర మీది అక్షరాలు మళ్లీ చదువుకుంది. తప్పేం లేదు. అడిగింది ఎదురుగా ఉంది.

"దొరికింది," అంది.

పదకొండు మందీ చప్పట్లు కొట్టారు, ఆ ఫొటోలో మొక్క చుట్టూ కొట్టినట్టే. నివేదికలో మాస్టారు మూడు వాక్యాలు రాశాడు. సామాన్యురాలు సంతృప్తి చెందినది. నొక్కులు మూడు. ఈ ఏడాది ప్రవేశాల గురించి బయటివారి నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు.

బయటికి వస్తూ ఆమె కిటికీ దగ్గర ఆగింది.

"అబ్బాయ్, ఒక్క దరఖాస్తు. రెండు రోజులేగా."

"చేత్తో తీసుకోవడం మానేశాం పిన్నీ. పేజీ మూసుకుపోయింది. దాన్ని బతిమాలుదామంటే చెవుల్లేవు దానికి."

"అసలెవరైనా పెట్టుకున్నారా?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "పదకొండు వచ్చాయి. పదకొండూ సంఘం వాళ్ల ఇళ్లవే. వాళ్ల కంప్యూటర్లలో పేజీ మొదటిరోజు నుంచీ కనిపించేదట. తేదీ ఇంట్లో చెప్పుకున్నారు. భోజనాల దగ్గర మాట్లాడుకున్నది నోటిమాట కిందికి రాదని ఇరవై రెండో నిబంధన."

గంటమ్మ వరండా చివరికి నడిచి, గడియారం చూసి, సరిగ్గా నాలుగుకి ఆఖరి గంట కొట్టింది. అర నిమిషం కూడా అటూ ఇటూ కాలేదు.

ఇంటికి వెళ్లేసరికి కోడలు మిషను మీద ఏదో జాకెట్టు కుడుతోంది. పక్కన పుస్తకం, పుస్తకం కింద ప్లాస్టిక్ కవరు. బీరువా మీద నుంచి దాన్ని పొద్దున్నే దించి, తుడిచి పెట్టుకుంది.

"ఇవాళైనా దొరికిందా అత్తయ్యా తేదీ?"

గంటమ్మ చెప్పులు విప్పి గోడవారగా జతచేసి పెట్టింది.

"దొరికిందమ్మా. మూడే నొక్కులు పట్టింది."