తిట్టుకునేంత వ్యవధి

చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇటు చెవి పడెయ్యండి. ఆగిరిపల్లి దగ్గర ఓ తోటలో మామిడికాయల లోడు ఒక పెట్టె మూలంగా ఆగిపోయింది. పెట్టె చెడిపోయి కాదు, బాగుపడి!

ఎనభై ఐదో సంవత్సరం, మే నెల. బెజవాడ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివొచ్చిన బసవపున్నారావు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వరండాలో సోల్డరింగ్ ఐరన్ వేడిచేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా రెండు చెక్క పెట్టెలు. పోయిన వేసవిలో తనే చేశాడు. ఒకటి ఇంటి వరండాలో, ఇంకొకటి తోటలో కాయలు బుట్టలకెత్తే పాకలో ఉంటుంది. మధ్యన మామిడిచెట్ల మీదుగా తీగ. ఇక్కడ మీట నొక్కి మాట్లాడితే అక్కడ వినపడుతుంది.

వినపడుతుందిగానీ, నొక్కగానే కాదు. లోపలున్న పెద్ద కండెన్సర్ కరెంటుతో కొంత నిండితేగానీ యాంప్లిఫయర్ కళ్ళు తెరవదు. రెండు టార్చిలైటు సెల్లులతో అది నిండడమంటే ఉగ్గుగిన్నెతో గాబు నింపడమే. ఈలోపు మాట్లాడిందంతా గాలికి పోతుంది. మొన్న తండ్రి వీరరాఘవయ్య “బంగినపల్లి కొయ్యండి” అంటే అక్కడ “కొయ్యండి” ఒక్కటే వినపడింది. వాళ్ళు చేతికందిన పచ్చి రసాలన్నీ కోసి కూర్చున్నారు.

“ఇంకో రెండు సెల్లులు వేస్తే తొందరగా లేస్తుంది నాన్నా.”

“సెల్లులేమన్నా చెట్లకి కాస్తున్నాయంట్రా? ఇవాళ లోడు వెళ్ళేలోపు దాన్ని నొక్కగానే పలికించు. నూజివీడులో మన కొట్టు గది నీకిస్తా, రేడియో షాపు పెట్టుకో. చేతకాదా, కోతుల్ని తోలుకుంటూ తోటలో కూర్చో.”

పున్నారావు పెద్ద కండెన్సర్లు ఊడబీకి చిన్నవి అతికించాడు. మీట నొక్కీ నొక్కకముందే పెట్టె “హలో” అంది. షాపు తలుపులు తెరుచుకున్న చప్పుడు కూడా అతనికి వినపడిపోయింది. ఒక పెట్టె వరండాలో పెట్టి, రెండోది చంకనేసుకుని పాకకి పరిగెత్తి, తీగలు కలిపాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఏడాదిలో ఆ పెట్టెతో ఎవరూ ఊరికే కాచుకుని కూర్చోలేదు. మీట నొక్కి, అది లేచేలోపు కడుపులో ఉన్నదంతా కక్కేసుకోవడం, లేచాక మర్యాదగా మాట్లాడడం అందరికీ అలవాటైపోయింది. మేస్త్రి హనుమయ్యకి మరీను.

పాక ముందు హనుమాన్ జంక్షన్ వెళ్ళే లారీ హారన్ కొడుతోంది. హనుమయ్య మీట నొక్కాడు.

“బుట్టల్లోకి గడ్డి పంపమంటే పరకలు లెక్కపెట్టి పంపాడు ముసలి పిసినారి! రేపు ఈయన పాడె మీదకీ ఇంతే పంపుతాడు.” గొంతు సవరించుకున్నాడు. “అయ్యగారూ, గడ్డి చాల్లేదండీ.”

“హనుమయ్యా, ఆగు...” అనబోయిన పున్నారావు, ఆగేదేం లేదని గ్రహించి ఇంటికి పరుగు లంకించుకున్నాడు.

అతను వరండా మెట్లెక్కేసరికి వీరరాఘవయ్య కాఫీ గ్లాసు పక్కకి నెట్టేశాడు. మీట మీద వేలు నొక్కే ఉంది.

“దొంగ సచ్చినోడు! సగం గడ్డి వాడి గేదె మేసింది, మిగతా సగం ఆ కూలీ ముఠావాళ్ళ మేకలు మేశాయి.” తర్వాత గంభీరంగా, “హనుమయ్యా, ఇందాక ఏమన్నావు?”

“నాన్నా... అది...” పున్నారావుకి రొప్పు ఆగడం లేదు. ఆగినా ఏం చెప్పాలి? పెట్టె చెడిపోయిందనాలా? షాపు పోతుంది. బాగుపడిందనాలా? మేస్త్రి పోతాడు.

ఇంతలో పెట్టెలోంచి తల్లి బసవమ్మ గొంతు. ముఠాకి మజ్జిగ పట్టుకెళ్ళి, గొడవ సర్దుదామని మీట నొక్కింది పాపం.

“నాకు ముందొచ్చిన ఆ మైలవరం సంబంధం చేసుకున్నా ఈ గడ్డి గోల తప్పేది ఖర్మ! ఏవండీ, మీరు కాస్త శాంతించండి.”

వీరరాఘవయ్య శాంతించలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి నడిచాడు. పున్నారావు వెనకాలే.

పాకలో ముఠా అంతా చతికిలబడి ఉంది. కాయలు కోసే చిక్కాలు నేల మీద పడున్నాయి. ఎత్తిన బుట్టలు ఎత్తినట్టే ఉన్నాయి.

“దొంగలు మోసిన బుట్టలు మీకెందుకు లెండయ్యా,” అంది ముఠాలోని ఇన్నమ్మ, కొంగు దులుపుకుని.

“అది సరే, పాడె మీద గడ్డి సంగతేంటి?” అని హనుమయ్య మీదకెళ్ళి, దారిలో భార్య కనపడగానే అటు తిరిగాడు వీరరాఘవయ్య. “మైలవరం వాళ్ళ గడ్డివాము ఎంత పెద్దదేంటి?”

“మీరెక్కడ విన్నారు?” బసవమ్మ మజ్జిగ కుండ వెనక్కి తప్పుకుంది.

“కాయలెక్కిస్తారా, నన్ను పొమ్మంటారా?” లారీ డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేశాడు.

లారీ పోతే కాయలన్నీ పాకలోనే పండి కుళ్ళిపోతాయి. పున్నారావు షాపు మీద ఆశ వదిలేసుకుని అరిచాడు. “తప్పు నాదే! పెట్టెలో ఆలస్యం తీసేశా. నొక్కగానే అంతా వినపడిపోతోంది!”

ఎవరు ఏమన్నారో ఎవరికి వాళ్ళే గుర్తు చేసుకుంటున్నారు.

“అయ్యగారూ,” అన్నాడు హనుమయ్య మెల్లగా, “నేను మిమ్మల్ని అన్లేదండీ. పెట్టె లేవకముందు అనుకున్నానంతే.”

“నేనూ అంతేనయ్యా,” అన్నాడు వీరరాఘవయ్య.

“మరి నేను మాత్రం?” అంది బసవమ్మ.

పెట్టె లేవకముందు అన్నది తిట్టు కిందకి రాదని అక్కడున్న అందరికీ తెలుసు. అంటే ఎవర్నీ ఎవరూ తిట్టలేదు. మరి తప్పెవరిది? అందరూ పున్నారావు వైపు తిరిగారు.

“లక్షణంగా ఉన్నదాన్ని కెలకమని ఎవర్రా చెప్పింది?”

“మీరే కదా నాన్నా!”

“నోర్ముయ్. తీసింది మళ్ళీ పెట్టు.”

“దానికన్నా పెద్దదుంటే అదే వేసెయ్యండి బాబూ,” అన్నాడు హనుమయ్య. “ఈ ఏడు చెప్పుకోవాల్సింది చాలా ఉంది.”

పెద్ద కండెన్సరే పెట్టాడు. మీట నొక్కితే పెట్టె చాలాసేపు పడుకుని మరీ లేచింది. ఇన్నమ్మ సంతృప్తిగా తలాడించి మొదటి బుట్ట నెత్తికెత్తుకుంది. లారీ కదిలింది. ఆ సాయంత్రం వీరరాఘవయ్య కొట్టు గది తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాడు, “ఇప్పుడు పనిచేస్తోంది” అంటూ.

షాపు ఇంకా తెరవనేలేదు, తోట సంగతి చెవిన పడి నూజివీడు రైసుమిల్లు ఆసామి ఒకాయన తన మిల్లులోని మాట్లాడే పెట్టె పట్టుకుని దిగాడు. “ఇది నొక్కగానే పలుకుతోందండీ, గుమాస్తాలతో నెగ్గుకురాలేకపోతున్నా. కాస్త నెమ్మది చేసిపెట్టండి.” ఆయన వెనకాల మరో ఇద్దరు.

యాంప్లిఫయర్లో ఆలస్యం ఎలా తగ్గించాలో పాలిటెక్నిక్‌లో రాత్రీపగలూ చదివొచ్చిన కుర్రాడు, బోర్డు రాసేవాడు కుంచె రంగులో ముంచి “ఏం రాయమంటారండీ?” అని అడిగితే “కాసేపాగవయ్యా” అన్నాడు. మీరైతే ఏం రాయిస్తారు?