అర అంగుళం వాలు

మా ఇంట్లో గొడవలన్నిటి ఎత్తూ ఒక్కటే, యాభై నాలుగంగుళాలు. మీరు నవ్వండి, ఫరవాలేదు. పెళ్లయి పందొమ్మిదేళ్లయినా నాకింకా నవ్వు రావడం లేదు.

నాది సి ఇల్లు, మా ఆవిడ మెయినిర్‌ది డి ఇల్లు. గుర్రాల సంగతే చెబుతున్నాను. మా వెల్ష్ కాబ్ జాతి గుర్రాలన్నిటిదీ ఒకటే తీరు. జూలులా వెంట్రుకలు వేలాడే అవే కాళ్లు, అదే లావుపాటి మెడ, అదే నేల దద్దరిల్లే నడక. మూపు దగ్గర కొలిస్తే యాభై నాలుగంగుళాల దాకా సి వర్గం. వెంట్రుకవాసి దాటిందా, డి. డి వాళ్లు మా పొట్టివాటిని పోనీలంటారు. ‘పోనీలే పాపం’ అన్నట్టే అంటారు.

మా అమ్మ పెంచిన సి మందలో చివరి ఆడగుర్రానికి, మామగారు గ్విన్ఫోర్ గారి డి మగగుర్రానికి పుట్టింది మా గ్రీగ్. తల్లిగుర్రం ఆ వారమే పోయింది. అలా పుట్టిన పిల్ల ఏ వర్గమో ఎదిగాక ఎత్తు చూసి తేల్చాల్సిందే.

“ఆరేళ్లు నిండాక జులైలో గుర్రాల ప్రదర్శనలో కొలిపిద్దాం. యాభై నాలుగులోపైతే నీది, దాటితే మా నాన్నది” అంది మెయినిర్.

సరేనని చేయి కలిపాను. కలిపినప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. గ్రీగ్ చేజారితే మా అమ్మ మంద పేరు అక్కడితో సరి. మామగారికేమో ఎనభై రెండేళ్లు. కళ్లు మూసేలోపు తన ఇంటి కాబ్ ఇంకొక్కటి బరిలో దిగాలని ఆయన పట్టు.

మే నెలలో ఓట్స్ దాణా బకెట్ ఆశ చూపి గ్రీగ్‌ని రహస్యంగా కొలిచాను. యాభై నాలుగుంపావు. కాళ్లు చల్లబడ్డాయి, గుర్రానివి కాదు, నావి.

సరిగ్గా అప్పుడే ప్రదర్శన కమిటీ, కొలతకి కొత్త గచ్చు పోయమని నన్నడిగింది. సిమెంటు పనిలో నేను ఘనుణ్ణని వాళ్ల నమ్మకం.

కొలిచేవాళ్లు ఎప్పుడూ గుర్రానికి ఎడమపక్కనే కర్ర ఆనిస్తారు. గుర్రాలు ఏటా నది గేటులోంచే వస్తాయి. కాబట్టి ఎడమపక్క ఏ వైపో నాకు ముందే తెలుసు. ఆ వైపు గచ్చుని కొంచెం కొంచెంగా లేపుతూ పోయాను. కర్ర మిట్టన, గుర్రం పల్లాన, నడుమ అర అంగుళం తేడా. ఎవరైనా అడిగితే వాన నీరు పోవడానికి వాలు పెట్టానంటాను.

“ఏమయ్యా ఇద్వాల్, గుర్రం నిలబడే గచ్చుకి నాలుగు రోజులా?” అంది మెయినిర్.

“నాణ్యం కావద్దూ?”

“మన వంటింటి మెట్టు పోసినప్పుడు ఏ ఏట్లో కలిసింది ఆ నాణ్యం? గిన్నె పెడితే దొర్లుకుంటూ పెరట్లోకి పోతోంది.”

“అది పాత సిమెంటు.”

“పోసింది మాత్రం ఈ మొగుడే.”

అంతటితో ఊరుకుంది. మా ఆవిడ ఊరుకుందంటే భయపడాలని తెలిసీ భయపడకపోవడం నా తప్పు.

ప్రదర్శన రోజు గ్రీగ్‌ని పట్టుకుని వెళ్లేసరికి నది గేటుకి తాడు కట్టి ఉంది. కమిటీ కార్యదర్శి అయిన మా ఆవిడ కుర్చీ ఎక్కి అరుస్తోంది: “నది వైపు బురద! అందరూ చాపెల్ గేటులోంచి రండి!”

తొమ్మిది రోజులుగా చినుకు లేదు. మా తైవీ నది లోయలో అది వింతే.

“బురదెక్కడే?”

“కనబడదులే. జరుగు, నీ వెనక వరస ఆగిపోయింది.”

చాపెల్ అంటే మా చిన్న చర్చి. దాని గేటు సరిగ్గా ఎదురు కొస. అటు నుంచి వస్తే గుర్రం తిరగబడి నిలబడుతుంది. దాని ఎడమపక్క ఇప్పుడు పల్లం. అంటే కర్ర పల్లాన, గుర్రం మిట్టన. నా అర అంగుళం నా మీదికే తిరిగింది.

మొదట తన పోనీతో వచ్చింది చాపెల్ పాదిరి ఎలిస్. మా లోయలో పేరుతో పాటు ఒక తోక లేనివాడుండడు. ఈయన నిట్టూర్పు ఎలిస్. కొలిచే పశువుల డాక్టరమ్మ అరంగుళం ప్రాబర్ట్. ఆమె కళ్లజోడు సవరించుకుని, “డి” అంది.

“అమ్మా, నిరుడు ఇదే గుర్రం సి!”

“ఎదిగింది.”

“పదిహేడేళ్ల గుర్రం ఎదగడమేమిటమ్మా?”

“మీ ప్రసంగం ఎప్పుడైపోతుందా అని నిక్కి నిక్కి చూసిందేమో.”

తర్వాత వచ్చిన మరో మూడు పోనీలూ డి అయిపోయాయి. కేకలు, తోపులాట. ఎవరిదో పోనీ తాడు తెంపుకుని టీ గుడారంలో దూరి సగం కేకు తినేసింది. డాక్టరమ్మ మాత్రం బెదరలేదు.

“తరవాత!”

తరవాత నేనే. గ్రీగ్ రాయిలా నిలబడింది. కొలకర్ర అడ్డపట్టీ మెల్లగా మూపు మీదికి దిగింది.

“యాభై నాలుగుంపావు. డి.”

మామగారు టోపీ తీశారు. ముసలాయన కళ్లు చెమ్మగిల్లాయి. డాక్టరమ్మ కలం మూత తీసింది. ఆ సంతకం పడితే మా అమ్మ మంద కథ ముగిసినట్టే. నోరు విప్పితే నా పరువు కథ ముగుస్తుంది.

మెయినిర్ నా పక్కకి వచ్చి మెల్లగా అడిగింది. “ఏమైనా చెప్పాలా?”

“ఆగండి!” అన్నాను. అరుపులా వచ్చింది. “గచ్చు... గచ్చు సమంగా లేదు. నేనే వాలు పెట్టాను.”

మెయినిర్ సంచిలోంచి రసమట్టం తీసింది. నాదే. ఆ నాలుగు రోజులూ నా పనిముట్ల పెట్టె దాటి బయటికి రాని రసమట్టం. గచ్చు మీద పెడితే బుడగ సిగ్గులేకుండా ఓ పక్కకి పరిగెత్తింది.

అందరం చాపెల్ లోపలి రాతినేల మీదికి వెళ్లాం. అక్కడ పోనీలన్నీ మళ్లీ సి అయ్యాయి. చివరికి గ్రీగ్.

“యాభై మూడుంముప్పావు. సి.”

పాదిరిని వాటేసుకుని ఏడ్చేశాను. మా అమ్మ గుర్తొచ్చింది. అడ్డదారి తొక్కకపోయినా గెలిచేవాణ్ణే.

“కాస్త ఆగు” అని మెయినిర్ కమిటీ నిబంధనల పుస్తకం తెరిచింది. “కొలతలో మోసం చేసినవాడి పేరున అయిదేళ్లు ఏ గుర్రమూ ఉండరాదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.”

అందరూ ఎత్తారు. నిట్టూర్పు ఎలిస్ రెండూ ఎత్తాడు. గ్రీగ్‌ని ఎవరి పేరున రాయాలని డాక్టరమ్మ అడిగింది. అప్పుడు నాకు పెళ్లాం ఉందని అందరికీ గుర్తొచ్చింది.

టీ గుడారంలో మిగిలిన సగం కేకు ముందు కూర్చుని అడిగాను. “గచ్చు సంగతి ఎప్పుడు తెలిసింది?”

“రెండో రోజే.”

“మరి ఎత్తు?”

“ఈస్టర్‌కే. పాలగదిలో నేనూ కొలిచాను. యాభై మూడుంముప్పావు.”

“నాకు అరంగుళం ఎక్కువొచ్చిందే!”

“ఓట్స్ బకెట్ ముందు పెట్టి కొలిస్తే ఏ గుర్రమైనా నిక్కదా?”

“అంటే నువ్వు ఓడిపోయావని నీకు ముందే తెలుసా?”

“తెలుసు. నాన్నకెలా చెప్పాలా అని ఏడ్చాను కూడా. అంతలో నువ్వు సిమెంటు బస్తా భుజాన వేసుకుని కనబడ్డావు. ప్రాణం లేచొచ్చింది.”

ఆమె నా చేతిలో దువ్వెన పెట్టింది.

“వర్గం సి యే. పేరూ మీ అమ్మ మందదే, అది నేను మార్చను. బరిలో నడిపించేది మాత్రం మా నాన్న. లే, తోక దువ్వు. ఆయన అప్పుడే బూట్లు తుడుచుకుంటున్నాడు.”

వెళ్లి దువ్వాను.